హై చెయిర్ బెల్టు ఫిట్టింగు: చండూరులో మా ఇంటి ప్రాజెక్టు డైరీ

2024 మార్చి 3, ఆదివారం

మధ్యాహ్నం జరిగింది రాసిపెట్టుకోకపోతే ఈ రాత్రి నాకు నిద్ర పట్టదు.

నేను ముందు గదిలో మిషన్ మీద ఉన్నాను. పెళ్లి జాకెట్టు ఒకటి సాయంత్రానికి ఇవ్వాలి. లోపల అత్తమ్మ మా పాప చిన్నిని హై చెయిర్‌లో కూర్చోబెట్టి, అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం పిండి కలిపి తినిపిస్తోంది. ఉన్నట్టుండి "ఓ బిడ్డా, ఉరికి రా!" అని కేక. వెళ్లి చూస్తే చిన్ని కుర్చీలోంచి కిందికి జారిపోయి ఉంది. నడుముకు ఉండాల్సిన పట్టీ చంకల్లోకి ఎక్కింది. గదవ ట్రే అంచుకు ఆనింది. అత్తమ్మ ఒక చేత్తో పిల్ల వీపును ఎత్తి పట్టుకొని రెండో చేత్తో బకిల్ నొక్కుతోంది. అది ఊడడం లేదు.

ట్రే లాగేసి, పిల్లను పైకెత్తి, బకిల్ విప్పి బయటికి తీశాను. అంతా కలిపి అర నిమిషం కూడా పట్టలేదు. ఒంటి మీద గీత కూడా పడలేదు, ఏడవనూ లేదు. అత్తమ్మే స్టూలు మీద కూలబడి ఏడ్చింది. "నా చేతి ఏళ్లు వంగుతలేవు బిడ్డా. ఇడిపియ్యలేకపోయిన."

అత్తమ్మ పుట్టిన ఊరు మర్రిగూడ మండలంలో. చిన్ననాటి నుంచి బోరు నీళ్లే తాగి పెరిగింది. ఆ నీళ్లలో ఫ్లోరైడు ఎముకల్లో చేరి ఇప్పుడు మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాలి. మోకాళ్లు ముడవవు. నేల మీద కూర్చోలేదు. కాళ్లు చాపి పిల్లను మీద వేసుకొని ఉగ్గు పట్టడం మా ఆయన పుట్టినప్పుడు చేయగలిగింది, మనవరాలికి చేయలేకపోతోంది. మేం హై చెయిర్ తెచ్చుకున్నదే అందుకు. ఆమె స్టూలు మీద కూర్చుంటే పిల్ల మొహం సరిగ్గా ఆమె మొహానికి ఎదురుగా వస్తుంది. రోజు మొత్తంలో మనవరాలు తన చేతికి అందేది ఆ అరగంటే.

అందుకని కుర్చీని అటక మీద పడేయాలని నాకు లేదు. సరిచేస్తాను. అది అయ్యేదాకా చిన్నికి నా ఒళ్లోనే తిండి.

మార్చి 4, సోమవారం

కుర్చీ మా ఆయన అక్క వాళ్లది. వాళ్లు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటారు. వాళ్ల బాబుకు మూడేళ్లు దాటాక మా ఆయన డీసీఎం వ్యాన్‌లో వేసుకొచ్చాడు. దానితో పుస్తకం రాలేదు. రాత్రి వదినకు ఫోన్ చేస్తే బీరువాలో వెతికి పేజీలన్నీ ఫోటోలు తీసి పంపింది. ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా, 15 కిలోల బరువు వరకు అని రాసి ఉంది. చిన్నికి ఏడు నెలలు. మొన్న అంగన్‌వాడీలో తూస్తే 7.4 కిలోలు.

పుస్తకంలోని బొమ్మలో పట్టీలు ఐదున్నాయి. భుజాలకు రెండు, నడుముకు రెండు, కాళ్ల మధ్య నుంచి ఒకటి. మేం నెల రోజులుగా వాడుతున్నవి నడుము పట్టీలు రెండే.

మిగతా మూడు ఎక్కడివక్కడే ఉన్నాయి. భుజం పట్టీలు వీపు పలక వెనక ముడేసి ఉన్నాయి. కాళ్ల మధ్య పట్టీ సీటు కవరు కింద మడిచి, కదలకుండా టేపు అంటించి ఉంది. "బాబు పెద్దగైనంక అడ్డమొస్తుందని లోపలికి తోసిన, నీకు చెప్పుడే మర్చిపోయిన" అని వదిన బాధపడింది. తప్పు ఆమెది కాదు. పాత కుర్చీ ఇంటికొస్తే కవరు విప్పి చూడాల్సింది నేను. పాత మిషన్ కొన్నప్పుడు బాబిన్ కేసు దాకా విప్పి చూసుకున్న దాన్ని, పిల్ల కూర్చునే కుర్చీని చూసుకోలేదు.

పిల్ల ఎలా జారిందో ఇప్పుడు అర్థమైంది. ఈ వయసులో పిల్లలకు పొట్ట ముందుకు, తుంటి చిన్నగా ఉంటుంది. నడుము పట్టీ ఒక్కటే ఉంటే పిరుదులు ముందుకు జరిగినకొద్దీ పట్టీ పొట్ట మీది నుంచి ఛాతీ మీదికి, అక్కడి నుంచి చంకల్లోకి ఎక్కుతుంది. కాళ్ల మధ్య పట్టీకి పైన ఒక లూపు ఉంది, నడుము పట్టీ దాంట్లోంచి పోవాలి. ప్యాంటుకు బెల్టు లూపు ఉన్నట్టే. అది నడుము పట్టీని తుంటి దగ్గరే కిందికి పట్టి ఉంచుతుంది. ముందు ట్రే ఉంది కదా, పిల్ల ఎటు పోతుందిలే అనుకున్నాం. ట్రే గిన్నె పెట్టుకోవడానికే గానీ పిల్లను ఆపడానికి కాదు. ట్రేకూ సీటుకూ మధ్య ఉన్న సందులోంచే నిన్న గదవ దాకా జారింది.

అమెరికాలో 2019 జూన్ నుంచి హై చెయిర్లకు తప్పనిసరి ప్రమాణం ఉంది. బెల్టు పెట్టడం మరిచినా పిల్ల కిందికి జారకుండా కాళ్ల మధ్య ఒక అడ్డు కుర్చీకే ఉండాలన్నది అందులో ఒక షరతు. మా కుర్చీకి అలాంటిది లేదు, ఉన్నది ఈ నవారు పట్టీ ఒక్కటే.

మార్చి 5, మంగళవారం

విప్పే ముందు ఏ పట్టీ ఎటు నుంచి ఎటు పోతోందో ముందూ వెనకా ఫోన్‌లో ఫోటోలు తీశాను. ఐదు పట్టీలు, పట్టీ పొడవు సరిచేసే స్లైడర్లు ఐదు, ఒక బకిల్. గోరువెచ్చటి నీళ్లలో కొంచెం సబ్బు వేసి నానబెట్టి, చేత్తోనే రుద్ది నీడలో ఆరేశాను. తెల్లగా అవుతాయని బ్లీచింగ్ వాడితే నవారు పోగు బలం పోతుంది. మండే ఎండలో రోజుల తరబడి వేలాడదీసినా అంతే. నీళ్లు మాత్రం మూడుసార్లు మార్చాల్సి వచ్చింది. రెండేళ్ల అన్నం, పప్పు, అరటిపండు అందులో ఉన్నాయి.

మార్చి 6, బుధవారం

ఈ రోజంతా బకిల్ పనే.

స్కూలు బ్యాగులకు ఉండే రకమే ఇది. మగ ముక్కకు రెండు పక్కలా రెండు చెవులు. ఆడ ముక్కలోకి తోస్తే ఆ చెవులు పక్కల కిటికీల్లోంచి బయటికి వచ్చి ఆగుతాయి. తీయాలంటే రెండు చెవుల్నీ ఒకేసారి నొక్కాలి. ఖాళీ బకిల్‌ను వెలుతురులో పెట్టి చూశాను. కుడి చెవి కిటికీలోంచి పూర్తిగా బయటికొస్తోంది. ఎడమది సగమే వస్తోంది. అంటే నెల రోజులుగా చిన్ని ఒక చెవి, ఇంకో సగం చెవి మీద కూర్చుంది.

లోపలికి టార్చి కొట్టి చూస్తే గోధుమ రంగు పెంకు. బాలామృతమే. వేడి నీళ్లలో కలిపినప్పుడు మెత్తగా, జిగురుగా ఉంటుంది. అందులో గోధుమ పిండి, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె ఉంటాయి కదా, ఆరితే లక్కలా అతుక్కుంటుంది. వేడి నీళ్లలో గంట నానబెట్టి, పాత టూత్ బ్రష్‌తో, మిషన్ నూనె సీసా మూతకుండే సన్నటి ప్లాస్టిక్ ముక్కుతో గోకాను. పెసర గింజంత ఉండ ఒకటి ఊడి వచ్చింది. ఆ ఉండే ఎడమ చెవిని పూర్తిగా రానివ్వలేదు, అత్తమ్మ నొక్కినప్పుడు పూర్తిగా లోపలికి పోనివ్వనూ లేదు. ఇప్పుడు రెండు చెవులూ సమానంగా వస్తున్నాయి. సప్పుడు కూడా మారింది, ముందు మొద్దుగా ఉండేది, ఇప్పుడు టక్కుమంటోంది.

చేయి మిషన్ నూనె మీదికి పోయింది గానీ ఆపుకున్నాను. నూనె వేస్తే రేపటి పిండి అంతా దానికే అంటుతుంది. పిల్ల నోట్లో పెట్టుకునే వస్తువు కూడా.

మార్చి 8, శుక్రవారం

శివరాత్రి. షాపు తీయలేదు. పక్కింటి వాళ్లు పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి బయలుదేరారు. నేను అత్తమ్మకు ఫలహారం పెట్టి టేపు తీసుకున్నాను.

జాకెట్టు కొలతలు మనిషిని నిలబెట్టి తీస్తాం. కుర్చీ కొలత మాత్రం కూర్చున్నప్పుడే తీయాలి, ఎందుకంటే కూర్చుంటే పిల్ల వీపు కొంచెం వంగుతుంది, భుజం అర అంగుళం కిందికి దిగుతుంది. మా ఆయన చిన్నిని కుర్చీలో పట్టుకుంటే, పిరుదులు వీపు పలకకు ఆనించి, సీటు నుంచి భుజం దాకా కొలిచాను. 10 అంగుళాలు.

వీపు పలకలో భుజం పట్టీల కోసం కాజాల్లాంటి చీలికలు రెండు వరుసలు ఉన్నాయి. కింది వరుస 10.5 అంగుళాల ఎత్తులో, పైది 13.5 దగ్గర. పట్టీలు పై వరుసలో ఉన్నాయి, బాబు పెద్దయ్యాక మార్చి ఉంటారు. ఆ ఎత్తులో పెడితే చిన్నికి పట్టీలు చెవుల పక్క నుంచి దిగి భుజం మీద ఆనవు. భుజానికి సమానంగా గానీ, ఒక పిసరు పైకి గానీ ఉన్న చీలికే సరైనది. కింది వరుసకు మార్చాను. ఎక్కడా మెలిక పడకుండా వేలితో మొత్తం తడిమి చూశాను. మెలిక పడిన నవారు తాడులా ఒకే గీత మీద కోస్తుంది.

స్లైడర్ల దగ్గర పని కాస్త నిదానంగా సాగింది. స్లైడర్‌కు నడుమ ఒక కమ్మి, అటూ ఇటూ అంచులు. నవారు ఒక సందులోంచి పైకొచ్చి, నడిమి కమ్మి మీదుగా దాటి, రెండో సందులోంచి కిందికి దిగుతుంది. అక్కడితో వదిలేసినా చూడటానికి బాగానే ఉంటుంది. కానీ పుస్తకంలో కొసను వెనక్కి మడిచి అదే స్లైడర్‌లో మళ్లీ దూర్చమని బాణం గుర్తు ఉంది. నాలుగింటికి అలా చేశాను. ఐదోది, కుడి నడుముది, ఎలా ఉందో అలాగే వదిలేశాను. కొస పొట్టిగా ఉండి దూరలేదు, చీకటి పడింది, దీపం పెట్టే వేళయింది.

మార్చి 10, ఆదివారం

పిల్లను కూర్చోబెట్టే ముందు బరువు పెట్టి చూడాలనుకున్నాను. పాత లైనింగ్ గుడ్డతో ఒక సంచి కుట్టి, కింద రెండు కాళ్లు పైజామాలా పెట్టి, 7.5 కిలోల బియ్యం పోసి మూతి కుట్టేశాను. తల లేని బుడ్డది తయారైంది. అత్తమ్మ దానికి "బియ్యం బుడ్డది" అని పేరు పెట్టింది.

బుడ్డదాన్ని కూర్చోబెట్టి, కాళ్ల మధ్య పట్టీ లూపులోంచి నడుము పట్టీ తీసి, భుజాలవి కూడా వేసి బకిల్ పెట్టాం. ప్రతి స్లైడర్ అంచు దగ్గర నవారు మీద నా మార్కింగ్ సుద్దతో సన్నగా గీత గీశాను. స్లైడర్ కదిలితే గీత దూరమవుతుంది, కళ్లకు కనిపించని జారుడు సుద్దకు దొరుకుతుంది. మా ఆయన వెనక నుంచి కుర్చీ పట్టుకొని ముందుకు వంచాడు. నేను బుడ్డదాని కాళ్లు పట్టి ఒకసారి కిందికి, ఒకసారి ముందుకు, పక్కలకు, ఇలా యాభై సార్లు లాగాను.

నాలుగు గీతలు ఉన్నచోటే ఉన్నాయి. కుడి నడుము గీత స్లైడర్ నుంచి అర అంగుళం దూరం పోయింది. శుక్రవారం వదిలేసిందే. యాభై లాగులకు అర అంగుళం అంటే, కాళ్లు తన్నుకునే పిల్ల వారం రోజుల్లో ఆ పట్టీని పూర్తిగా వదులు చేసేది. ఆ పట్టీని మొదటి నుంచి విప్పి, అటు వైపు నుంచి నవారు లాగి కొస పెంచి, వెనక్కి మడిచి దూర్చాను. బయట రెండున్నర అంగుళాల కొస మిగిలింది. మళ్లీ యాభై సార్లు లాగాను. ఈసారి గీత కదల్లేదు.

కుర్చీ వంచినప్పుడే ఇంకోటి బయటపడింది. షాబాదు బండల మీద కుర్చీ ఒక మూల టకటకలాడుతోంది. ఒక కాలికి రబ్బరు బుడిపె లేదు. హార్డ్‌వేర్ షాపులో నాలుగూ కొత్తవే తెచ్చి వేశాం.

మార్చి 13, బుధవారం

లైనింగులు, ఫాల్సుల కోసం నల్లగొండ వెళ్లాను. కాళ్ల మధ్య పట్టీ కొస చాలా పొడవుగా మిగిలింది, ఐదు అంగుళాలు. చిన్ని దాన్ని పట్టుకొని చీకుతుంది. కోసి మడత కుట్టేద్దామని నా చేతులు రెండు రోజులుగా ఆరాటపడుతున్నాయి. ఏ గుడ్డ పొడవుగా ఉన్నా పట్టుకొని కుట్టేయడమే కదా నా పని.

గడియారం సెంటర్ దగ్గర బ్యాగులు, టార్పాలిన్లు కుట్టే పెద్దాయనకు చూపించాను. నవారును గోరుతో గీకి చూసి, "కోసుడెందుకమ్మా? బిడ్డ ఎదిగితే మళ్ల కావాలె గద" అన్నాడు. కుట్టే మాటకు తల అడ్డంగా ఊపాడు. పట్టీ మొదట్లో ఫ్యాక్టరీ కుట్టు చూపించాడు. నాలుగు పలకల గడి, దాని నడుమ ఇంటూ గుర్తు, మందమైన పాలిస్టర్ దారం. "నీ జాకెట్ల దారం దీనికి ఆగది. సూది పొడిసిన కాడల్ల నవారు పోగు తెగుతది. బరువు మోసే తాన కొత్త సూది దించకు." నా దగ్గర పైసా తీసుకోలేదు.

ఇంటికొచ్చి కొసను మడిచి సీటు కిందికి తోసి, అక్కడ చిన్న సాగే పట్టీతో కట్టాను. పిల్ల చేతికి, నోటికి అందదు. కావాలన్నప్పుడు వదులుతుంది.

మార్చి 15, శుక్రవారం

చిన్ని కూర్చుంది.

మేం ఖాయం చేసుకున్న వరుస ఇది. ముందు ట్రే తీసి పక్కన పెట్టడం. పిల్లను దించి పిరుదులు పూర్తిగా వెనక్కి జరపడం. తర్వాత కాళ్ల మధ్య పట్టీ, దాని లూపులోంచి నడుము పట్టీ, ఆ తర్వాత భుజాలు. ట్రే అన్నిటికన్నా ఆఖరున. ముందే ట్రే పెడితే పట్టీ కనిపించదు, చేయి దూరదు, ఉందిలే అనుకొని వదిలేస్తాం.

బిగింపు ఎంత ఉండాలన్నది రెండు వేళ్లతో చూశాను. ఛాతీ దగ్గర పట్టీకీ చొక్కాకూ మధ్య రెండు వేళ్లు పడుకోబెడితే దూరాలి. వేళ్లను నిలబెట్టి తిప్పగలిగితే అది వదులు. నడుము పట్టీ పొట్ట మీద కాకుండా తొడలు మొదలయ్యే చోట, తుంటి ఎముకల మీద ఉండాలి. పొట్ట మీద ఉంటే తినడం మొదలవగానే ఒత్తుతుంది, మనం జాలిపడి వదులు చేస్తాం, అది అలాగే ఉండిపోతుంది. మొదట్లో నేను చేసింది అదే.

ఇంకో పొరపాటు కూడా దొరికింది. మెత్తగా ఉంటుందని పిల్ల వీపు వెనక బొంతను మడత పెట్టి వేశాను. అప్పుడు రెండు వేళ్లు సరిపోయాయి. పది నిమిషాలు ఆనుకొని కూర్చున్నాక బొంత అణిగింది, పట్టీ కింద నాలుగు వేళ్లు దూరుతున్నాయి. బొంత తీసేశాను. పిల్ల పక్కలకు ఒరుగుతోంది కాబట్టి తుంటికి అటూ ఇటూ సన్నటి తువ్వాలు చుట్టలు మాత్రం పెట్టాను, అవి పట్టీల కిందికి రావు. వీపు నిటారుగా ఉండటం చూసుకోవాలి. వెనక్కి వాలి ఉంటే ముద్ద తన ఇష్టానికి గొంతులోకి జారుతుంది. నిటారుగా ఉంటే పిల్ల నాలుకతో తిప్పి, వద్దనుకుంటే ఉమ్మేస్తుంది. ఈ రోజు పెసరపప్పు మెతుకులు చాలాసేపు ఉమ్మింది.

చిన్నికి జావ కాచే నీళ్ల మాట కూడా ఒకటి. ఇప్పుడు మా కుళాయికి మిషన్ భగీరథ కృష్ణా నీళ్లు వస్తాయి. అవి రాని రోజు బోరు నీళ్లు కాచి వాడదామంటే అత్తమ్మ ఒప్పుకోదు, ఆమె మాటే నిజం. కాస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడు పోదు, నీళ్లు ఇంకినకొద్దీ చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును అడుక్కు దించే పద్ధతికి నాగపూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) వాళ్లు మా జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. అత్తమ్మ వేళ్లు చూసినప్పుడల్లా ఆ పేరు గుర్తొస్తుంది.

మార్చి 17, ఆదివారం

ఈ వారం అసలు పని ఇదే. పిల్లకు బెల్టు సరిపోయింది, కానీ పగలంతా ఆ బకిల్ పెట్టి తీసేది అత్తమ్మ. ఆమె చేతికి కూడా సరిపోతేనే ఇది పూర్తయినట్టు.

మా ఆయన సులువుగా ఊడే బకిల్ వేయిద్దామన్నాడు. నాకు ఇష్టం లేదు. అత్తమ్మకు సులువైనది ఏడాది తిరిగేసరికి చిన్నికీ సులువవుతుంది. పైగా వేరే బకిల్ ఆ నవారుకు, ఆ కుట్టుకు సరిపోతుందో లేదో నేను చెప్పలేను. అందుకని బకిల్‌ను అలాగే ఉంచి, దాన్ని తీసే పద్ధతి మార్చాం.

బియ్యం బుడ్డదాన్ని కూర్చోబెట్టి అత్తమ్మను స్టూలు మీద కూర్చోమన్నాను. మొదట బొటనవేలు, చూపుడువేలు కలిపి నొక్కింది. వేళ్లు వణికాయి, ఊడలేదు. కుడి చేతి చూపుడువేలు సగమే ముడుస్తుంది, కొస బకిల్ అంచు దాటి పోతోంది. రెండు చేతుల బొటనవేళ్ల మొదళ్లతో, పిండి వత్తినట్టు, అటొకటి ఇటొకటి నొక్కమన్నాను. కొంచెం కదిలింది. అప్పుడు గమనించాను, బుడ్డది ముందుకు ఒరిగి నవారును లాగుతోంది. ఆ లాగుడుకు చెవులు కిటికీ అంచుకు బిగుసుకుంటాయి. ముందు బకిల్ రెండు ముక్కల్నీ ఒకదానిలోకి ఒకటి తోసి, ఆ తర్వాత పక్కలు నొక్కాలి. "ముందుగాల దగ్గరికి నూకు అత్తమ్మా, అటెన్క ఒత్తు" అన్నాను.

దగ్గరికి నూకి ఒత్తింది. ఊడింది.

ఆమె నా మొహం చూడలేదు. మళ్లీ పెట్టింది, మళ్లీ తీసింది. పదిసార్లు, పదిహేనుసార్లు చేసింది. పెట్టిన ప్రతిసారీ ముడుచుకున్న వేలి కణుపుతో రెండు పక్కలా చెవులు సమానంగా బయటికొచ్చాయో లేదో తడిమి చూసుకోవడం తనే కనిపెట్టింది. నేను కళ్లతో చూస్తున్నాను, ఆమె కణుపుతో చూస్తోంది. కవరు మీద నీడ పడినప్పుడు ఆమె పద్ధతే మంచిది. పెట్టాక ఒకసారి ముందుకు గుంజి చూడటం కూడా అలవాటు చేసుకుంది.

ఎప్పుడైనా ఊడకపోతే ఏం చేయాలో కూడా అనుకున్నాం. ముందు ట్రే లాగేయాలి, పిల్లను చంకల కింద పట్టి పైకెత్తాలి, నన్ను పిలవాలి. బకిల్‌తో కొట్లాట ఆ తర్వాతే. నా పెద్ద కత్తెర పిల్లకు అందనంత ఎత్తున గోడ మేకుకు వేలాడుతుంది, మరీ అవసరమైతే నవారు కోసెయ్యడమే.

మార్చి 21, గురువారం

చిన్ని కాళ్లు గాలిలో వేలాడుతున్నాయి. కుర్చీకి కాళ్లు పెట్టుకునే మెట్టు ఆమె పాదాలకు మూడు అంగుళాలు కింద ఉంది. కాళ్లకు ఆసరా లేకపోతే పిల్ల కాసేపటికే అలిసి ముందుకు జారుతుంది, మనం బెల్టు బిగిస్తాం. తప్పు బెల్టుది కాదు. చెప్పులు కుట్టే ఆయన దగ్గర సోలు ఫోము ముక్కలు తెచ్చి, మూడు అంగుళాల మందం అయ్యేలా పేర్చి, గుడ్డ సంచిలో పెట్టి మెట్టుకు వెల్క్రోతో రెండు చోట్ల బిగించాను. పాదాలు బల్లపరుపుగా ఆనాయి, మోకాళ్లు లంబకోణంలోకి వచ్చాయి. మోచేతులు కూడా ట్రే ఎత్తుకు సరిపోయాయి.

కాళ్లకు ఆసరా దొరికితే తన్నే బలం కూడా దొరుకుతుంది. సాయంత్రం లేచి నిలబడబోయింది, భుజం పట్టీలు పట్టుకున్నాయి. కుర్చీని గోడకూ బల్లకూ దూరంగా, ఒక బార ఎడంతో పెడుతున్నాం. కాలితో గోడను తన్నితే కుర్చీ మొత్తం వెనక్కి పడుతుంది.

మార్చి 25, సోమవారం

హోలీ. రంగు చేతులతో కుర్చీని ఎవరూ ముట్టొద్దన్నాను. రాయడానికి ఇంకేం లేదు.

ఏప్రిల్ 2, మంగళవారం

ఎండ 40 డిగ్రీలు దాటింది. చిన్ని భుజాల మీద, మెడ పక్కన ఎర్రటి గీతలు కనిపించాయి. పట్టీ వదులు చేద్దామా అని అత్తమ్మ అడిగింది. ముందు వేళ్లు పెట్టి చూశాను, రెండే దూరుతున్నాయి. బిగింపు సరిగానే ఉంది. చేతుల్లేని బనీను వేసేసరికి నవారు అంచు నేరుగా చెమట చర్మం మీద ఒరుసుకుంటోంది.

నా పాత నూలు చీర, పది ఉతుకుల మెత్తదనం ఉన్నది, చింపి నాలుగు అంగుళాల తొడుగులు రెండు కుట్టాను. పక్కన ప్రెస్ బటన్లు వేద్దామనుకొని మానేశాను, ఊడితే పిల్ల నోట్లోకే. వెల్క్రో వేశాను, దాని గరుకు వైపు చర్మానికి తగలకుండా బయటికి తిప్పి. తొడుగు స్లైడర్ మీదికి గానీ బకిల్ మీదికి గానీ రాకూడదు, వస్తే సుద్ద గీతలు కనిపించవు. ఒకే పొర గుడ్డ, దూది పెట్టలేదు, బొంత నేర్పిన పాఠం ఉంది కదా. రెండు జతలు కుట్టాను, రోజూ ఒకటి ఉతుక్కోవచ్చు.

(తర్వాత చేర్చింది: నాలుగు రోజులకు ఎర్ర గీతలు పోయాయి.)

ఏప్రిల్ 9, మంగళవారం

ఉగాది. పొద్దున ఇల్లంతా పని. మధ్యాహ్నం వదిన వాళ్లు వచ్చారు. అత్తమ్మ స్టూలు మీద కూర్చొని చిన్నికి అన్నంలో పప్పు, నెయ్యి మెదిపి పెడుతుంటే వదిన పక్కన నిలబడి చూసింది. అత్తమ్మ కణుపుతో చెవులు తడిమి, బెల్టు ఒకసారి గుంజి, ఆ తర్వాతే ట్రే తోసింది. వదిన నా చేయి పట్టుకొని ఏమీ అనలేదు.

తిండి అయ్యాక గీతలు చూశాను. ఉతికినప్పుడల్లా సుద్ద పోతుంది, ఆదివారం గీసినవే ఇవి. ఏదీ కదల్లేదు. కానీ రెండు వేళ్లు ఇప్పుడు ఇరుగ్గా దూరుతున్నాయి. పిల్ల ఒళ్లు చేసింది, 7.9 కిలోలు. నడుము రెండు వైపులా సమానంగా ఒక గోరు వెడల్పు వదిలాను. ఒక వైపే వదిలితే బకిల్ పక్కకు పోతుంది, అత్తమ్మ చేతులు దాన్ని నడుమ వెతుకుతాయి.

ఏప్రిల్ 14, ఆదివారం

భుజం కొలత 10.25 అంగుళాలు. కింది చీలిక ఇంకా సరిపోతుంది. బకిల్ నానబెట్టి కడిగాను, ఈ వారం ఉండలేమీ రాలేదు. నవారు అంచులు చీలిక దగ్గర వేలితో తడిమాను, ఎక్కడా పోగు లేవలేదు. లేచిన రోజు ఆ బెల్టు మొత్తం మార్చాలి. అదే రకానిది కంపెనీ వాళ్ల దగ్గర దొరుకుతుందని వదిన కనుక్కొని చెప్పింది.

సాయంత్రం మా వీధిలో చిన్నపిల్లాడి పుట్టినరోజుకు వెళ్లాం. వాళ్ల మేనమామ కొత్త హై చెయిర్ తెచ్చాడు, బాబును అందులో కూర్చోబెట్టి ఫోటోలు తీస్తున్నారు. అత్తమ్మ నడవలేక నడవలేక దాని దగ్గరికి పోయి, వంగలేని నడుముతోనే వంగి, సీటు అంచు పట్టుకొని చూసింది.

"కాళ్ల నడిమి పట్టీ ఏదమ్మా దీనికి?" అని అడిగింది. పిల్లాడి తల్లి తెల్లబోయింది. అత్తమ్మ కణుపుతో కవరు కింద వెతికి, ప్లాస్టిక్ సంచిలోంచి కూడా విప్పని పట్టీని బయటికి లాగి, నా వైపు తిరిగింది. ఆమె తిరగడమంటే మనిషంతా తిరగడమే.

"ఇంటికి పోయి టేపు పట్టుకరా బిడ్డా. సుద్ద గూడ."